కొత్త ఊరిలో పాతరాళ్ళ వెదుకులాట

ఉద్యోగరీత్యా ఊళ్ళు మారవలసినవారు మనలో అనేకులు కలరు. కొత్త ఊరు చేరిన మొదటి నెలలో ఇల్లు కుదుర్చుకొనుట, పాలవానిని మాట్లాడుకొనుట, పిల్లలను బడిలో చేర్చుట మొదలైన పనులతో తీరిక దొరకదు. ఆ తరువాత ఆదివారములు బరువుగా తోచును. చుట్టములు దూరము, స్నేహములు ఇంకను కుదురలేదు. అట్టివారు నల్లమల పాదములందో, పెన్న, సగిలేరు, గుండ్లకమ్మ ఒడ్డులందో కాపురము పెట్టినచో వారికొక వ్యాసంగమును సూచించుట నా ఉద్దేశము. అది రాళ్ళు వెదకుట. ఏ రాయి యైనను కాదు. వేల ఏండ్ల నాడు, లక్షల ఏండ్ల నాడు మనుష్యుడు తన చేతితో చెక్కిన రాయి.

ఈ మాట వినగానే శ్రోతలకు రెండు ప్రశ్నలు తోచును. అట్టివి మనవంటివారికి దొరకునా? దొరకినచో ఇంటికి తెచ్చుకొనవచ్చునా? మొదటి ప్రశ్నకు సమాధానము సులభము: దొరకును. రెండవది అంత సులభము కాదు. అయినను అది తెలియకుండ ఈ వ్యాసంగమునకు దిగరాదు.

మన దేశములో ఈ వెదుకులాటకు ఆద్యుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో ఉద్యోగి. 1863 మే 30వ తేదీన, తన 28వ ఏట, మద్రాసు చేరువనున్న పల్లావరములో కంకర త్రవ్విన గుంటయందు ఒక చెక్కడపు రాతిని చూచెను. అంతకు నాలుగేండ్ల ముందు, 1859లో, ఫ్రాన్సుదేశపు సోమ్ నదీతీరమున దొరకిన చేతిగొడ్డళ్ళు అతిప్రాచీన మానవుని పనియేనని ఆంగ్ల పండితులు అంగీకరించియుండిరి. ఆ వార్త ఫుట్ చెవిని బడినది. కంకరగుంటలు అందరును చూచుచునే యుందురు. ఏమి చూడవలెనో తెలిసిన కన్ను ఆనాడు ఆ గుంటలోనికి తొంగిచూచినది. అదే సంవత్సరము సెప్టెంబరు 28న విలియం కింగ్ అను సహోద్యోగితో కలిసి అత్తిరంపాక్కం అను చోట మరికొన్ని పనిముట్లు కనుగొనెను. అటుపిమ్మట దశాబ్దముల తరబడి కడప, కర్నూలు, బళ్ళారి సీమలలో తిరిగి, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను 1884లో పరిశీలించి, తాను సేకరించిన రాళ్ళను 1904లో మద్రాసు ప్రదర్శనశాలకు ఇచ్చివేసెను. ప్రభుత్వము వాటికి మూల్యము చెల్లించినది. 1912లో ఆయన మరణించిన తరువాత, 1914లో, ఆ రాళ్ళ జాబితా అచ్చుపడినది.

ఆ జాబితాను గూర్చి ఒక్కమాట చెప్పవలెను. అందు రాళ్ళు అందచందములను బట్టి గాక, జిల్లాల వారీగా, ఊళ్ళ వారీగా పేర్కొనబడినవి. నూరేండ్ల తరువాత వచ్చిన పరిశోధకుడు ఆ పుస్తకమును చేతబట్టుకొని అదే వాగుకు, అదే గుట్టకు పోగలుగుచున్నాడు. ఊరి పేరు లేనిచో ఆ రాళ్ళన్నియు కాగితములు ఎగిరిపోకుండ పెట్టుకొను బరువురాళ్ళు మాత్రమే. ఫుట్ పనిమీద తిరిగిన ప్రభుత్వోద్యోగి. మనము ఆయన వలె సంచి నింపుకొని రాలేము. ఆయన వలె వ్రాసికొనగలము.

ఇక ఏమి కనబడునో చెప్పెదను. సినిమాలలో చూచిన బాణపు మొనలను మనస్సులో నుంచుకొని బయలుదేరినవారికి నిరాశ కలుగును. ఆకువలె సన్నగా, రెండు ప్రక్కల చక్కగా చెక్కిన మొనలు అమెరికా పొలములలో దొరకునట్లు మన సీమలో సాధారణముగా దొరకవు. మన పూర్వులు బాణమునకు వేరు పద్ధతి అవలంబించిరి. చెకుముకిరాయి జాతికి చెందిన సన్నని రాళ్ళనుండి గోరంత పెచ్చులు తీసి, అర్ధచంద్రాకారముగా, త్రికోణముగా దిద్ది, కఱ్ఱకు గాని ఎముకకు గాని గాడి చేసి బంకతో వరుసగా అతికెడివారు. ఒక ముక్క విరిగినచో ఆ ఒక్కదానిని మార్చినచో చాలును. వీనినే సూక్ష్మ శిలాపరికరములందురు. బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురము రాతిచఱియ క్రింద దొరకిన ఇట్టి పరికరములు సుమారు 35,000 ఏండ్ల నాటివని 2009లో తేల్చిరి. అరచేతిలో పది పట్టును. నేలమీద చూచువాడు చెప్పులతో త్రొక్కి దాటిపోవును.

అంతకంటె ప్రాచీనమైనది చేతిగొడ్డలి. అరచేతికి నిండుగా, బాదముగింజ ఆకారములో, ఒక కొస మొనదేలి, మఱియొక కొస గుండ్రముగా నుండును. కడప, కర్నూలు సీమలలో ఇది క్వార్ట్జైట్ అను గట్టిరాతితో చేసినది. నవీన శిలాయుగము నాటికి నల్లని డోలరైట్ రాతిని నూరి నునుపు చేసిన గొడ్డళ్ళు వచ్చినవి. వీనిని గుర్తించుట అన్నిటికంటె తేలిక. అందుచేతనే పల్లెలవారు కూడ ఏనాడో గుర్తించిరి. దక్షిణదేశములో కొన్ని చోట్ల వీనిని చిన్న గుళ్ళలో ఉంచి పూజించుట ఉన్నది. పిడుగుతోపాటు ఆకాశమునుండి పడినవని నమ్ముట మన దేశములోనే గాక ఐరోపాలోను ఉండెడిది. అట్టి రాయి గ్రామదేవత అరుగుమీద కనబడినచో దూరమునుండి నమస్కరించి వచ్చుట ఉత్తమము.

ప్రకృతి పగులగొట్టిన రాతికిని, మనిషి చెక్కిన రాతికిని భేదమెట్లు తెలియును? ఎండకు, వానకు, ప్రవాహపు దొర్లింపునకు పగిలిన రాతిలో దెబ్బలకు ఒక క్రమముండదు. మనిషి దెబ్బకు ఊడిన పెచ్చు లోపలి ముఖముపై, దెబ్బ తగిలిన చోటికి దిగువనే చిన్న ఉబ్బెత్తు కనబడును. అక్కడనుండి నీటి అలలవలె వంపుగీతలు విస్తరించును. పెచ్చు ఊడదీసిన పెద్దరాతి మీద అందుకు తగిన లొత్త మిగులును. అట్టి లొత్తలు ఒకే అంచు వెంబడి వరుసగా, రెండు ముఖములనుండియు పడియున్నచో అది యాదృచ్ఛికము కాదు. మరికొన్ని పెచ్చులు, రాలిన తునకలు చుట్టుప్రక్కల నున్నచో సందేహము మరింత తీరును. చెన్నపట్టణపు ఎగ్మూరు ప్రదర్శనశాలలోను, నాగార్జునకొండ ద్వీపముపై 1966లో తెరచిన ప్రదర్శనశాలలోను ఇట్టి రాళ్ళను ఒక గంటసేపు నిలుచుండి చూచినవాని కన్ను, పుస్తకములు పది చదివినవాని కన్నుకంటె బాగుగా పనిచేయును.

ఎక్కడ వెదకవలెనన్నది ఆ సీమ రాతినిబట్టి యుండును. కొత్త ప్రాంతమునకు వచ్చినవారు ముందుగా అక్కడి రాయి ఎట్టిదో తెలిసికొనవలెను. కృష్ణా, గోదావరి డెల్టాలలో కాపురమున్నవారు ఈ పని మానుకొనుట మేలు; అక్కడ ఆ కాలపు నేల మీద నదులు తెచ్చిన వండ్రుమట్టి బహులోతుగా కప్పియున్నది. కడప, కర్నూలు సీమల కొండపాదములందు క్వార్ట్జైట్ పలకలు బయలుపడిన చోట్లు, వాగులు కోసిన గట్లు, గుండ్రాళ్ళు పేరుకొన్న పాత నదీతలములు మంచి తావులు. కె. వి. సౌందరరాజన్ గారు గిద్దలూరు పరిసరముల శిలాయుగ పనిముట్లను గూర్చి 1952లో ప్రకటించిన వ్యాసము ఇట్టి తావులను ఆధారము చేసికొన్నదే. రేణిగుంట ప్రాంతమునందు ఎం. ఎల్. కె. మూర్తి గారు సన్నని బద్దలవంటి పెచ్చుల పరిశ్రమను వెలికి తెచ్చిరి. అనంతపురము, తెలంగాణములలో గ్రానైటు గుట్టలెక్కువ. ఆ గుట్టల నడుమ నల్లని డోలరైట్ కట్టలు, పలుగురాళ్ళ చాళ్ళు, బూడిదదిబ్బలు చూడవలెను. పాలమూరు సీమలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ త్రవ్వి చూచినప్పుడు, అది పశువుల దొడ్డిలోని పేడ మరల మరల కాలగా ఏర్పడినదని తేలినది. ఆ పొరలలో పశువుల గిట్టల గుర్తులు కూడ నిలిచియున్నవి. ఇట్టి దిబ్బలను ఎరువునకై బండ్లకెత్తి తోలుకొనిపోయిన ఊళ్ళు కలవు.

కాలమును గూర్చి చెప్పవలెనన్నచో తొలకరి వానలు పడి, మట్టి కొట్టుకొనిపోయి, రాళ్ళు కడిగినట్లున్న రోజులు శ్రేష్ఠము. ఉదయపు వాలుటెండలో లొత్తల నీడలు స్పష్టముగా కనబడును. మిట్టమధ్యాహ్నము వెదకినవానికి తలనొప్పి తప్ప వేఱేమియు దొరకదు.

రాయి తీయుటయందు గల చిక్కును వివరించుటకు రెండు ఉదాహరణములు చెప్పెదను. ఫుట్ చూచిన అత్తిరంపాక్కమునందే 1999 మొదలు శాంతి పప్పు గారు, కుమార్ అఖిలేశ్ గారు త్రవ్వకములు జరిపిరి. లోతైన పొరలలో దొరకిన చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏండ్ల నాటివని 2011లో ప్రకటించిరి. ఆ లెక్క ఎట్లు కుదిరినది? నేలపై నున్న రాతిపై అంతరిక్షకిరణములు పడి కొన్ని అణువులను పుట్టించును. రాయి భూమిలో కప్పబడిన పిమ్మట అవి క్రమముగా తగ్గును. ఎంత తగ్గినవో కొలిచి, ఎంతకాలముగా కప్పబడియున్నదో చెప్పుదురు. ఆ రాయి ఏ పొరలో, ఎంత లోతున నుండెనో తెలిసినప్పుడే ఈ లెక్కకు అర్థము. బల్లమీద పెట్టుకొన్న రాతికి ఏ యంత్రమును వయస్సు చెప్పలేదు.

రెండవది జ్వాలాపురము. 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాదీవిలో టోబా అను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద సముద్రము దాటి వచ్చి మన జుర్రేరు లోయలో దట్టముగా పడినది. ఆ బూడిదకు దిగువనను, ఎగువనను ఒకే తీరు రాతి పనిముట్లు కనబడుటచే, అంతటి ఉత్పాతమునకు తట్టుకొని ఇక్కడి మనుష్యులు బ్రతికిరని రవి కొరిశెట్టర్ గారు, మైకేల్ పెట్రాగ్లియా, వారి సహచరులు 2007లో వాదించిరి. పండితులింకను తర్కించుచునే యున్నారు. మన విషయములో ముఖ్యమైనదేమనగా, ఈ తర్కమంతయు “దిగువ”, “ఎగువ” అను రెండు మాటలమీద నిలిచియున్నది. ఎవరైనను వచ్చి ఆ గోతి గట్టునుండి రెండు పెచ్చులు ఊడబెరికి జేబులో వేసికొనినచో, ఆ రెండు మాటలును చెడును. పోనీ, పోయినవి రెండు పెచ్చులే గదా యందురు. ఆ మాట ప్రతివాడును అనినచో?

ఇక చట్టము. ముఖ్యముగా మూడింటిని తెలిసికొనవలెను. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి, విలువ 10 రూపాయలు మించిన ఏ వస్తువు దొరకినను కలెక్టరుకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ తెలుపుదలలో వస్తువు స్వరూపము, సుమారు విలువ, దొరకిన చోటు, దొరకిన తేదీ ఉండవలెను. గమనింపుడు: పురావస్తు పండితుడు అడుగు ప్రశ్నలే చట్టమును అడుగుచున్నది. ఇంటి పునాదికి త్రవ్వునప్పుడు నాణెములు, పూసలు, లోహపాత్రలు బయటపడినచో గృహస్థులందరికిని ఇది వర్తించును. తెలుపక దాచినవారికి జైలుశిక్ష గాని, జుల్మానా గాని, రెండును గాని పడును.

1958 నాటి ప్రాచీన కట్టడముల, పురావస్తు స్థలముల చట్టము త్రవ్వకములను గూర్చినది. రక్షిత ప్రదేశములలో అనుమతి లేక ఎవరును త్రవ్వరాదు. రక్షితము కాని చోట సైతము పురావస్తు త్రవ్వకమును కేంద్రప్రభుత్వ పూర్వానుమతి లేక రాష్ట్రప్రభుత్వము కూడ చేయింపరాదని అందున్నది. రాష్ట్రప్రభుత్వమునకే అంతటి నిర్బంధమున్నప్పుడు, ఆదివారమునాడు గునపము పట్టుకొని వచ్చిన మన మాట చెప్పనేల? దీనికి తోడు ఆంధ్రప్రదేశమునకు 1960 నాటి చట్టమును, తెలంగాణమునకు 2017 నాటి వారసత్వ చట్టమును వేఱుగా కలవు.

మూడవది 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము. 1976 ఏప్రిల్ 5 నుండి అమలులోనికి వచ్చినది. నూరేండ్లు దాటిన, గతకాలపు చేతిపనిని తెలుపు ఏ వస్తువైనను ఇందులో పురావస్తువే. లైసెన్సు లేక వీనితో వ్యాపారము చేయరాదు. ప్రైవేటు వ్యక్తులు వీనిని దేశము దాటింపరాదు. దాటించినచో ఆరునెలలకు తగ్గని, మూడేండ్ల వరకు విధింపదగిన జైలుశిక్షయు, జుల్మానాయు కలవు. విదేశములందున్న అబ్బాయికో అల్లునికో మన ఊరి గుర్తుగా ఒక చేతిగొడ్డలిని పెట్టెలో సర్ది పంపుదమని ఎవరికైనను తోచవచ్చును. ఆ పని ప్రేమతో చేసినను నేరమే.

అమెరికాలో నున్న మన తెలుగువారు కొందరు అడుగుదురు: “ఇక్కడ పొలములలో బాణపు మొనలు ఏరుకొనుచున్నారే, మీకెందుకింత భయము?” అక్కడి పద్ధతి వేఱు. ప్రైవేటు భూమిలో యజమాని సమ్మతితో నేలపై దొరకిన మొనను తీసికొనుట అక్కడ సామాన్యముగా నేరము కాదు. కాని సమాఖ్యప్రభుత్వ భూములలో, గిరిజన జాతుల భూములలో అట్లు కుదరదు. 1979 నాటి వారి శాసనములో నేలపై నున్న బాణపు మొనలకు శిక్షనుండి ఒక చిన్న మినహాయింపు ఉన్న మాట నిజమే. అయినను ఆయా భూములను పాలించు శాఖల ఇతర నియమములు వానిని తీయనీయవు. కావున అక్కడకు కొత్తగా పోయినవారును ముందు “ఈ భూమి ఎవరిది?” అని అడుగవలెను. ఆ అలవాటును ఇక్కడికి, ఇక్కడి అలవాటును అక్కడికి మోసికొనిపోరాదు.

ఇంతకును మనకు మిగిలినదేమి? చూచుటను, కొలుచుటను, ఫోటో తీయుటను, తెలియజేయుటను ఈ చట్టములేవియు నిషేధింపలేదు. నా దృష్టిలో వెదుకులాటలోని సంతోషమంతయు అందులోనే యున్నది. ఇంటికి తెచ్చిన మరునాటినుండి రాయి దుమ్ము తుడువవలసిన వస్తువగును.

అయితే చూచుటకు పోవుటలో కూడ ఒక మర్యాద ఉన్నది. మన పల్లెలలో గుప్తనిధుల వేటగాండ్ర బెడద తక్కువది కాదు. నంది విగ్రహములను పెకలించినవారిని, పాడుబడిన గుళ్ళ గర్భాలయములను త్రవ్విపోయినవారిని ఊళ్ళవారు మరచిపోలేదు. క్రొత్త మనిషి గుట్టల వెంబడి వంగి వంగి నడచుచుండగా చూచినచో వారికేమి తోచును? పోలీసులకు కబురు చేసినను తప్పు పట్టజాలము. కావున ముందుగా సర్పంచిగారినో, గ్రామ రెవెన్యూ అధికారినో కలిసి, పేరు, ఉద్యోగము, వచ్చిన పని చెప్పికొనవలెను. పొలములో అడుగుపెట్టుటకు రైతు సమ్మతి పొందవలెను. పగటివేళనే, ఊరివానినొకనిని తోడు తీసికొని పోవలెను. గునపము, పార, సుత్తె ఇంటివద్దనే ఉంచవలెను. గొఱ్ఱెల కాపరి తోడు దొరకినచో అదృష్టమే; ఏ వాగు ఏ వానకు గట్టు తెగినదో ఆతనికి తెలిసినట్లు పటములకు తెలియదు. నల్లమలలోని పులుల అభయారణ్యము వంటి చోట్ల అటవీశాఖ అనుమతి లేక ప్రవేశింపనే రాదు.

రాయి కనబడినప్పుడు దానిని కదలింపక ముందే ఫోటో తీయవలెను. ప్రక్కన ఒక రూపాయి నాణెమునో, అంగుళముల బద్దనో ఉంచినచో పరిమాణము తెలియును. చేతిలోని ఫోనులో స్థానమును గుర్తించు సదుపాయమున్నది. ఫుట్ దొరగారికి లేని ఈ సౌఖ్యమును మనము వాడుకొనవలెను. తరువాత కొంత వెనుకకు జరిగి, గుట్ట, చెట్టు, గట్టు కనబడునట్లు మఱియొక ఫోటో. పుస్తకములో ఊరి పేరు, సర్వే నంబరు తెలిసినచో అదియు, తేదీ, రాయి జాతి, చుట్టుప్రక్కల ఇట్టివి ఎన్ని కనబడినవో, గట్టులో ఇరుక్కొని యున్నదో, పైన పడియున్నదో వ్రాయవలెను. ఈ చివరి వివరము అతిముఖ్యము. గట్టులో ఉన్నదానిని పెరికి చూడవలెనను కోరిక పుట్టును. చేయి వెనుకకు తీసికొనవలెను.

ఈ వివరములతో ఒక ఉత్తరమును రాష్ట్ర పురావస్తు శాఖకో, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ కార్యాలయమునకో, దగ్గరలోని విశ్వవిద్యాలయ పురావస్తు విభాగమునకో పంపవలెను. జవాబు వెంటనే రాకపోవచ్చును. ఉత్తరపు నకలును ఊరి పాఠశాల ప్రధానోపాధ్యాయునికి కూడ ఇచ్చుట మంచిది. మనము బదిలీపై పోయినను అది ఊరిలో మిగులును. కంకర మిషన్లు, పొలము చదును చేయు యంత్రములు ఆ తావును తాకబోవుచున్నట్లు తెలిసినచో మాత్రము జాగు చేయక, ఫోటోలతో తహసీల్దారుగారి కార్యాలయములో స్వయముగా అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. అట్టి తావున నూరు పనిముట్లున్నను, వానిని గూర్చి వ్రాసియుంచిన కాగితము మీదొక్కటే కావచ్చును.